ఫిర్యాదు లేని వంతెన

కట్టడాల శాఖవారు తమ కాగితం ఫైళ్ళన్నిటినీ స్కాన్ చేయించి క్లౌడ్‌లోకి ఎక్కించిన రోజున రాజధానిలో ఘనంగా సభ జరిగింది. జ్యోతి వెలిగించడం, శాలువాలు కప్పడం అయ్యాక పాత ఫైళ్ళ కట్టలను లారీలకెత్తి అట్టపెట్టెల ఫ్యాక్టరీకి సాగనంపారు. లారీలు గేటు దాటుతుంటే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శాఖలో కొత్తగా పుట్టిన క్లౌడ్ విభాగానికి సంచాలకులైన చక్రధర్‌గారు మైకు అందుకుని, ఇకమీదట ప్రభుత్వ జ్ఞాపకశక్తికి చెదపురుగుల భయం లేదని ప్రకటించారు. ఆ మాట నిజమే. చెదపురుగులు ఒక్క ఫైలు తినాలంటే ఏళ్ళూ పూళ్ళూ పట్టేది. క్లౌడ్ విభాగం అదే పని ఒక్క సర్క్యులర్‌తో చేసింది.

ఆ సర్క్యులర్ సారాంశం ఇది. క్లౌడ్ అనేది అద్దె ఇల్లు. ఇంటివాళ్ళు ఎక్కడో ఉంటారు, ఆక్రమించిన చోటును బట్టి అద్దె తీసుకుంటారు. అద్దె ఇంట్లో వాడని సామాను పేర్చుకోవడం వివేకవంతుల లక్షణం కాదు. కనుక "ఆరు మాసముల పర్యంతము ఎట్టి కదలికయు లేని ఫైళ్ళను నిద్రాణ ఫైళ్ళుగా పరిగణించి, సంబంధిత అధికారికి ఒక హెచ్చరిక పంపిన పిమ్మట, శాశ్వతముగా తొలగించెదరు."

మొదట్లో గుమాస్తాలు దీన్ని తేలిగ్గానే తీసుకున్నారు. పొద్దున్నే కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోసినట్టు ఫైళ్ళన్నీ ఒక్కసారి తెరిచి మూసేవారు. కొందరు ఉత్సాహవంతులు "చూడబడినది" అని రాసి సంతకం కూడా పెట్టేవారు. ఈ సంగతి చక్రధర్‌గారి చెవిన పడింది. ఆయన దానికి "కృత్రిమ చైతన్యం" అని పేరు పెట్టి, నిషేధిస్తూ ఇంకో సర్క్యులర్ పంపారు. ఉద్యోగి తెరిస్తే కదలిక కాదు. ఉద్యోగి రాస్తే కదలిక కాదు. కదలిక బయటినుంచి రావాలి. ప్రజలు ఫిర్యాదు చేయాలి, ఆ ఫిర్యాదు మీద విచారణ జరగాలి, ఆ విచారణ మీద ఎవరైనా అభ్యంతరం చెప్పాలి. "ప్రజలు తట్టి లేపని ఫైలు జీవించి ప్రయోజనమేమి?" అన్న వాక్యంతో ఆ సర్క్యులర్ ముగిసింది.

సబ్‌డివిజన్ ఇంజనీరు సుగుణకుమారి ఈ రెండు సర్క్యులర్లనూ చదివి, సంతకం పెట్టి, ఆఫీసు గోడకు అంటింపజేసింది. ఆమెకు సర్క్యులర్ల మీద గౌరవం. పైవాళ్ళు ఊరికే రాయరని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే ఉద్యోగంలో ముప్పై ఏళ్ళకు దగ్గరపడింది. హెచ్చరిక తన పేరుమీదే వచ్చేదాకా ఆ నమ్మకానికి ఏ ఇబ్బందీ రాలేదు.

"ఎర్రవాగు వంతెన, జిల్లేళ్ళపాడు గ్రామం. ఫైలు నిద్రాణము. మాసాంతమునకు తొలగింపు."

కంప్యూటర్ తెర మీద ఆ ముక్క చూసి ఆమె కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఎర్రవాగు వంతెన ఆమె మొదటి పని. ఉద్యోగంలో చేరిన ఏడాదే కట్టించింది. ఎండలో గొడుగు వేసుకుని నిలబడి, ఇసుక కడిగితేగాని కలపనివ్వనని పట్టుబట్టి, కంట్రాక్టరు చేత కంటతడి పెట్టించింది. ఆ తరువాత ఎన్నో కట్టించింది గానీ, అటువైపు బస్సులో వెళ్ళాల్సి వచ్చినప్పుడు కిటికీ పక్క సీటు కోసం చూసేది ఈ ఒక్క వంతెన కోసమే. అది కట్టిన నాటినుంచి ఈనాటిదాకా దానిమీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఒక్క మరమ్మతూ లేదు. ఎవరూ ఎప్పుడూ దాని ఊసెత్తలేదు.

అదే దాని నేరమని ఆమెకు ఎస్ఈ విశ్వపతిగారి గదిలో తెలిసింది. జిల్లాలో కట్టడాల శాఖకు ఆయనే పెద్ద.

"ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదూ లేదంటే ఏమిటమ్మా అర్థం?" అన్నారాయన.

"బాగుందని సార్."

"కాదు. ప్రజలకూ దానికీ భావసంబంధం లేదని. పెదకాలువ వంతెన చూడండి. పదమూడేళ్ళుగా కడుతున్నాం. రెండు స్తంభాలు పడిపోయాయి. రెండు విచారణలు నడుస్తున్నాయి. పత్రికల్లో వస్తుంది, అసెంబ్లీలో వస్తుంది. దాని ఫైలు ఒక్క పూట నిద్రపోయి ఎరగదు. అదీ సజీవమైన కట్టడమంటే."

"అది ఇంకా కట్టనే లేదు కదా సార్."

"కట్టేస్తే ఫైలు పడుకుంటుంది" అన్నారు విశ్వపతిగారు, ఇంత చిన్న విషయం కూడా చెప్పాలా అన్నట్టు.

"ఫైలు పోతే పోయింది సార్. వంతెన ఉంటుంది కదా" అంది సుగుణకుమారి. అలా అన్నదే గానీ, ఆమె గొంతులో ధీమా లేదు. ఎందుకంటే పక్క సబ్‌డివిజన్‌లో ఏం జరిగిందో ఆమెకు తెలుసు. అక్కడ కాలువ గట్టున శాఖకు సొంత అతిథిగృహం ఒకటి ఉండేది. చక్కని కట్టడం. దాని ఫైలు నిద్రాణమై పోయింది. జలమార్గాల రక్షణ విభాగమని ఇంకొకటుంది. వాళ్ళు ఆకాశంనుంచి ఉపగ్రహం తీసిన ఫోటోలు ముందు పెట్టుకుని, వాగుల మీదా కాలువల మీదా కనబడిన ప్రతి కట్టడానికీ క్లౌడ్‌లో ఫైలుందో లేదో చూస్తారు. ఫైలుంటే కట్టడం, లేకపోతే ఆక్రమణ. అతిథిగృహానికి ఫైలు లేదు. వాళ్ళు యంత్రాలతో వచ్చి, ముందురోజు రాత్రి ఆ అతిథిగృహంలోనే బస చేసి, పొద్దున్నే కాఫీలు తాగి దాన్ని కూల్చేశారు. కూల్చాక కూల్చివేత మీద ఒక ఫైలు తెరుచుకుంది. అది మాత్రం ఇప్పటికీ చురుగ్గా ఉంది.

విశ్వపతిగారికీ ఆ సంగతి గుర్తుకొచ్చినట్టుంది. గొంతు తగ్గించి, "చూడండి, మీ శ్రేయస్సు కోరి చెబుతున్నాను. ఎలాగో ఒకలాగ ఒక ఫిర్యాదు సంపాదించండి. వంతెన బాగుందని నలుగురికీ తెలిస్తే దాన్ని కాపాడ్డం నా వల్ల కాదు" అన్నారు.

మర్నాడే సుగుణకుమారి జీపు వేయించుకుని జిల్లేళ్ళపాడు వెళ్ళింది.

వంతెన మీద ఆ సమయానికి ఎప్పటిలాగే జనం ఉన్నారు. సర్పంచి యలమందయ్య తన బండిని పక్కన ఆపి ఎవరితోనో మిరపకాయల ధర మాట్లాడుతున్నాడు. మస్తాన్‌వలి తన ఆటోలో పాలక్యాన్లు సర్దుకుంటున్నాడు. రెండుపూటలా ఊరి పాలు తీసుకెళ్ళి టౌనులో డెయిరీకి పోసి రావడం అతని పని. ఆదెమ్మ అనే ముసలావిడ రావిచెట్టు లేని లోటు తీర్చడానికా అన్నట్టు రోజూ సాయంత్రం వచ్చి వంతెన పిట్టగోడ మీద కూర్చుని, పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ పలకరిస్తుంది. ఆ రోజూ అక్కడే ఉంది.

"ఇంజనీరమ్మగారు కదూ. గొడుగేసుకుని నిలబడేవోళ్ళు" అని మొదట గుర్తుపట్టింది ఆదెమ్మే.

సుగుణకుమారి కుశలప్రశ్నలు అయ్యాక వచ్చిన పని చెప్పింది. వంతెన మీద ఫిర్యాదు కావాలంది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏందమ్మా, మామీద ఏమన్నా కోపమొచ్చిందా మీకు?" అన్నాడు యలమందయ్య.

"కోపం కాదు సర్పంచిగారూ. ఫిర్యాదు లేకపోతే ఫైలు పోతుంది. ఫైలు లేని కట్టడాన్ని ఆకాశంనుంచి తీసిన ఫోటోల్లో చూసి కూల్చేస్తారు. వంతెన పోతుంది."

"బాగున్నదాన్ని బాగాలేదని ఎట్టా రాసేదమ్మా? రేపు మాకు రోడ్డు కావాలన్నప్పుడు, మీరు వంతెన గురించే అబద్ధం రాశారుగా అంటారు."

"ఆ ఫైలెక్కడుందమ్మా ఇప్పుడు?" అని అడిగింది ఆదెమ్మ.

"క్లౌడ్‌లో. అంటే మబ్బులాంటిదనుకో."

"ఆకాశంనుంచి ఫోటోలు తీసేదీ వాళ్ళే, ఫైలు మబ్బులో పెట్టిందీ వాళ్ళే. మరి కిందికి దిగొచ్చి సూసిపోవడానికి ఏమొచ్చింది?"

సుగుణకుమారి చదివిన సర్క్యులర్లలో ఎక్కడా కిందికి దిగే ప్రస్తావన లేదు.

చివరికి ఆమె మొహం చూసి జాలిపడి యలమందయ్య ఒప్పుకున్నాడు. ఫిర్యాదులు కాగితం మీద తీసుకోరు గనక మస్తాన్‌వలి తన ఫోనులో 'జనఘోష' యాప్ తెరిచాడు. సర్పంచి చెబుతుంటే అతను టైపు చేశాడు. "అయ్యా, ఎర్రవాగు వంతెన చాలా బాగున్నది. ఇంజనీరమ్మగారు ఫిర్యాదు చేయమని అడిగినందువల్ల చేయుచున్నాము. ఏ లోపమూ లేదని తమరికి మనవి."

యాప్ ఒక్క నిమిషం తిరిగి జవాబిచ్చింది. "మీ సందేశము ప్రశంసగా గుర్తించబడినది. ప్రశంసలపై చర్య అవసరము లేదు. ముగించబడినది."

మస్తాన్‌వలి అది గట్టిగా చదివి వినిపించాడు. సుగుణకుమారి పిట్టగోడ మీద కూలబడబోయి, చురుక్కుమని వెంటనే లేచి నిలబడింది. ఎండాకాలం. సాయంత్రమైనా రాతిగోడ సెగ తగ్గలేదు.

"అదమ్మా" అంది ఆదెమ్మ. "పొద్దుగూకులూ ఎండకు కాగి కూకోనీయదు. నేనంటే గోనెపట్టా తెచ్చుకుంటా. కాలుద్ది పిట్టగోడ."

సుగుణకుమారి గభాలున మస్తాన్‌వలి వైపు తిరిగింది. "రాయండి మస్తాన్‌గారూ. ఇది నిజమే కదా, అబద్ధం కాదు కదా?"

అబద్ధం కాదని అందరూ ఒప్పుకున్నారు. మస్తాన్‌వలి రాశాడు. "ఎర్రవాగు వంతెన పిట్టగోడ కాలుతోంది. కూర్చోలేకపోతున్నాము."

ఈసారి యాప్ అసలు తిరగనే లేదు. టక్కున జవాబు వచ్చింది. "మీ ఫిర్యాదు స్వీకరించబడినది. వర్గము: అగ్నిప్రమాదము. దయచేసి సురక్షిత ప్రాంతమునకు తరలి వెళ్ళండి."

అందరూ నవ్వుకున్నారు. సుగుణకుమారి కూడా నవ్వింది. యంత్రం పొరబడిందిలే, రేపు సరిచేయించవచ్చు, ముందు ఫైలు కదిలింది అదే పదివేలు అనుకుంది. జీపెక్కి వచ్చేస్తూ కిటికీలోంచి తల బయటపెట్టి మరీ వంతెన వైపు చూసింది.

జీపు ఊరు దాటకముందే ఫైరింజను ఎదురైంది. అది గంట కొట్టుకుంటూ పోయి వంతెన మధ్యలో ఆగింది. సిబ్బంది దిగి, కాలుతున్న వంతెన ఎక్కడుందని ఆదెమ్మను అడిగారు. మీరు నిలబడ్డదే అని ఆమె చెప్పింది. వాళ్ళు తమలో తాము మాట్లాడుకున్నారు. నీళ్ళు చల్లకుండా వెనక్కి వెళితే ఖర్చయిన డీజిలుకు లెక్క చెప్పుకోలేరు. అందుకని పిట్టగోడ రెండువైపులా శుభ్రంగా తడిపి, ఫోటోలు తీసుకుని, మంటలు అదుపులోకి వచ్చాయని యాప్‌లో రాసి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం మాత్రం పిట్టగోడ చల్లగా ఉంది. ఆదెమ్మ గోనెపట్టా లేకుండానే కూర్చుంది.

సుగుణకుమారి ఆఫీసుకు చేరేసరికి విశ్వపతిగారి ఫోను.

"వంతెన కాలిపోతుంటే నాకు తెలియజేయాల్సిన కనీస బాధ్యత లేదా మీకు?"

"కాలిపోవడం లేదు సార్. ఎండకు కాలుతోంది."

"ఎందువల్ల కాలుతోందో నిర్ధారించడానికి మీరెవరు? అందుకు కమిటీ ఉంటుంది. అయినా మంటలు అదుపులోకి వచ్చాయని అగ్నిమాపక శాఖ లిఖితపూర్వకంగా ఇచ్చాక, మంటలే లేవంటే వాళ్ళను అబద్ధాలకోరులంటున్నట్టు కాదా?" అని ఆగి, కొంచెం మెత్తబడి, "ఏమైనా మీ ఫైలు మాత్రం అద్భుతంగా కదులుతోంది. శుభాకాంక్షలు" అన్నారు.

నిజంగానే కదులుతోంది. తెర మీద బూడిదరంగులో ఉండే ఎర్రవాగు వంతెన పేరు ఆకుపచ్చగా మెరుస్తోంది. ఆమె మర్నాడు ఆఫీసులో అందరికీ మైసూరుపాకు తెప్పించి పంచింది.

కమిటీ వారం తిరక్కుండా వచ్చింది. అధ్యక్షులు చక్రధర్‌గారే. వంతెనల సంగతి ఆయనకు తెలియదు గానీ ఫైళ్ళ సంగతి తెలుసు. కమిటీవాళ్ళు వంతెనను ఈ చివరనుంచి ఆ చివరకు నడిచి, ఎక్కడా మసి గానీ పగులు గానీ కనబడకపోయేసరికి ముఖాలు గంభీరంగా పెట్టుకున్నారు. "అగ్ని ఆనవాళ్ళు బొత్తిగా లేకపోవుట మిక్కిలి అనుమానాస్పదముగా నున్నది. నష్టము లోలోపల జరిగియుండవచ్చును" అని ప్రాథమిక నివేదికలో రాశారు. లోపలి నష్టం తేలేదాకా రాకపోకలు ఆపాలన్నారు. రెండువైపులా రేకులు అడ్డం కట్టి ఎర్రజెండాలు పాతారు.

యలమందయ్య సుగుణకుమారికి ఫోను చేశాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే ఆమెకు కష్టంగా అనిపించింది.

"మిరపకాయ బస్తాలు వాగులో దింపి ఇవతలికి మోపిస్తన్నామమ్మా. మస్తాను చుట్టూ తిరిగి టౌనుకు పొయ్యేతలికి పాలు విరుగుతున్నయ్యి. ఎన్నాళ్ళుండిద్ది ఈ తంతు?"

"కొద్ది రోజులు ఓపిక పట్టండి సర్పంచిగారూ. ఏమీ లేదని తేలగానే తీసేస్తారు."

"ఏమీ లేదని మేం మొదటే రాశాం గదమ్మా" అన్నాడాయన.

తేల్చడానికి రాజధానినుంచి పరీక్షల బృందం దిగింది. గొట్టంలాంటి రంపంతో కాంక్రీటులోకి తొలిచి, చెరుకుముక్కంత ముక్క బయటికి లాగి, దాన్ని నలగ్గొట్టి ఎంత బరువుకు నలిగిందో చూస్తారు. స్తంభానికో ముక్క తీసుకెళ్ళారు. ఫలితం వచ్చిన రోజున సుగుణకుమారి మనసు తేలికపడింది. కాంక్రీటు కట్టినప్పటి కంటే గట్టిపడింది. కాగితాల్లో రాసుకున్న బలానికి దాదాపు రెట్టింపు ఉంది.

మర్నాడు ఆమెకు చార్జి మెమో వచ్చింది.

"మంజూరైన బలమును మించి సదరు వంతెనకు అదనపు బలము చేకూర్చినట్లు తేలినది. ఈ అదనపు బలమునకు ఎవరి అనుమతి పొందితిరో, ఇందువలన ఎవరికి లబ్ధి చేకూరినదో తెలుపవలెను."

ఆమె రాత్రింబవళ్ళు ఆలోచించి జవాబు రాసింది. ఇసుకను శుభ్రంగా కడిగించడం వల్లా, కంకర జల్లెడ పట్టించడం వల్లా, కట్టిన తరువాత తడి ఆరకుండా నీళ్ళు పట్టించడం వల్లా బలం వచ్చి ఉంటుందని, సిమెంటు ఒక్క బస్తా కూడా ఎక్కువ వాడలేదని, లబ్ధి జిల్లేళ్ళపాడు వాళ్ళకు చేకూరిందని రాసింది.

దానికి రెండో మెమో వచ్చింది. "ఇసుకను కడుగుటకు అనుమతి పొందినారా?"

విచారణ చక్రధర్‌గారి ఎదుట జరిగింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆమెకు కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, సౌమ్యంగా మాట్లాడారు.

"అమ్మా, వ్యవస్థలో ప్రతిదానికీ ఒక అంచనా ఉంటుంది. అంచనాకు తక్కువైతే లోపం. ఎక్కువైతే ఉల్లంఘన. మీ వంతెన అంచనాలకు అందడం లేదు. అదే సమస్య."

"అది గట్టిగా ఉంది సార్. అంతే."

"గట్టితనం మాకు అభ్యంతరం కాదు. దానికి ఆధారం కావాలి. నమూనాలు తీసిన చోట్లు పొరపాటున బాగున్న చోట్లయి ఉండవచ్చు. ఇంకొన్ని చోట్ల తీయిద్దాం. సరైన బలం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దొరికితే మీరూ బయటపడతారు."

"ఇంకా తొలిస్తే స్తంభాలు ఆగవు సార్" అంది సుగుణకుమారి. ఆమె ఉద్యోగ జీవితంలో పైఅధికారి మాటకు అడ్డుచెప్పడం అదే మొదలు. "తీసిన రంధ్రాలైనా పూడ్పించండి. వానలు వచ్చేస్తున్నాయి."

"పూడ్చడం మరమ్మతు కిందికి వస్తుంది" అన్నారు చక్రధర్‌గారు విచారంగా. "లోపం తేలనిదే మరమ్మతు ఎలా మంజూరు చేస్తాం?"

పరీక్షల బృందం మళ్ళీ దిగింది. సరైన బలం దొరికేదాకా తొలుస్తూ పోయింది. దొరకలేదు. తీసిన ప్రతి ముక్కా ఆమెకు వ్యతిరేకంగానే సాక్ష్యం చెప్పింది. సుగుణకుమారి ఒకరోజు సెలవు పెట్టి, బస్సులో వెళ్ళి, రేకుల సందులోంచి చూసింది. స్తంభాలు చీమలు తొలిచిన బెల్లం దిమ్మల్లా ఉన్నాయి. అవతలి గట్టున ఆదెమ్మ వేపమొక్క నీడలో గోనెపట్టా పరుచుకుని ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె పలకరిస్తుందేమోనని భయపడి సుగుణకుమారి వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చేసింది.

ఆ ఏడు ఎర్రవాగుకు మామూలు వరదే వచ్చింది. అంతకు రెండింతల వరదలు ఆ వంతెన చాలా చూసింది. ఈసారి మాత్రం నడిమి స్తంభం నీళ్ళలోకి వంగి, దానిమీది పలక ఒరిగి, చప్పుడు చేయకుండా కూర్చుండిపోయింది.

శాఖ ఆ సాయంత్రమే పత్రికలకు ప్రకటన ఇచ్చింది. "ముందుచూపుతో వంతెనను మూసివేసినందున పెను ప్రాణనష్టము తప్పినది." విశ్వపతిగారు సుగుణకుమారికి స్వయంగా ఫోను చేశారు. ఆమె ఓదార్పు మాటల కోసం ఎదురుచూసింది.

"మీకు శుభవార్తమ్మా. వంతెన పడిపోయింది గనక అదనపు బలం లేదని రుజువైంది. మీమీద ఆరోపణ వీగిపోయింది. సర్వీసునుంచి మచ్చలేకుండా దిగుతారు."

లైను తెగిందేమోనని ఆయన రెండుసార్లు హలో అన్నారు.

క్లౌడ్ విభాగం వార్షికోత్సవం దీపావళికి ముందు జరిగింది. వేదిక వెనక పెద్ద తెర మీద తెల్లని మబ్బుల బొమ్మ వేశారు. ఎర్రవాగు వంతెన ఫైలులో ఫిర్యాదు, అగ్నిమాపక నివేదిక, కమిటీ నివేదికలు, పరీక్షా ఫలితాలు, మెమోలు, జవాబులు, కూలిన ఫోటోలు, కూలడంపై విచారణ, కొత్త వంతెనకు అంచనా, ఆ అంచనాపై అభ్యంతరాలు చేరడంతో అది రాష్ట్రం మొత్తంలో అత్యంత చైతన్యవంతమైన ఫైలుగా ఎంపికైంది. అటువంటి ఫైళ్ళను ఎన్నటికీ తొలగించరు. వాటిని 'చిరంజీవి' వర్గంలో చేరుస్తారు. చక్రధర్‌గారు సుగుణకుమారికి శాలువా కప్పి, గాజుతో చేసిన మబ్బు బొమ్మ ఒకటి చేతికిచ్చి, మైకులో ఇలా అన్నారు:

"ఒకనాడు ఈ ఫైలు మరణశయ్యపై ఉండేది. ఇవాళ దానికి మృత్యువు లేదు. ఒక సామాన్య ఇంజనీరు పట్టుదల ఒక కట్టడాన్ని ఎలా అమరం చేయగలదో ఇది ఉదాహరణ."

అందరూ చప్పట్లు కొట్టారు. రెండు మాటలు మాట్లాడమని ఆమెకు మైకు ఇచ్చారు. ఆమె ఆ గాజు మబ్బును బల్లమీద పెట్టి, "ఆ వంతెన బాగుండేది" అంది. ఇంకేమైనా అంటుందని కాసేపు చూసి, లేదని తెలిసి, మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఆమె ఆ ఆదివారం జిల్లేళ్ళపాడు వెళ్ళింది. జీపులో కాదు, బస్సులో. క్షమాపణ చెప్పాలని వెళ్ళింది. చెప్పాల్సిన మాటలు దారిపొడుగునా కూర్చుకుంది. తీరా వాగు దగ్గర దిగితే కూలిన వంతెన దగ్గర ఎవరూ లేరు. రేకుల మీద "ప్రమాదం" అని రాసిన అక్షరాలు సగం తుప్పు పట్టాయి. కొంచెం ఎగువన, వాగు సన్నబడే చోటినుంచి మాటలు వినబడ్డాయి.

అక్కడ ఊళ్ళో సగం మంది ఉన్నారు. పంచె ఎగ్గట్టి యలమందయ్య, మోకాలిలోతు నీళ్ళలో మస్తాన్‌వలి. రాళ్ళ దిమ్మెల మీద తాటిదూలాలు పరుస్తున్నారు. ఒడ్డున సొరపాదు నారు కుండల్లో సిద్ధంగా ఉంది. దూలాలకు ఇరుపక్కలా కర్రలు నాటి, పైన పందిరి అల్లి, దానిమీదికి తీగ పాకించాలని వాళ్ళ ఆలోచన. పైనుంచి ఫోటో తీసినవాళ్ళకు అది సొరకాయల తోట.

ఆమెను చూడగానే పని ఆగిపోయింది. యలమందయ్య చేతులు దులుపుకుంటూ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, మీమీద మాకేం లేదు. మీరు మంచికే చేశారు. ఒక్కటే అడుగుతున్నా. దీని సంగతి మాత్రం ఎక్కడా రాయబాకండి."

సుగుణకుమారి కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఆమె దూలాల వైపు చూసింది. ఆపైన అవతలి గట్టు వైపు చూసింది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళలోకి దిగింది. గట్టు మట్టిని మడమతో నొక్కి చూసి, "ఇక్కడ మెత్తగా ఉంది సర్పంచిగారూ. ఈ కొస దిమ్మె వరదకు జారుతుంది. కొంచెం ఎగువకు జరిపి, అడుగున పెద్దరాళ్ళు వేయించండి. అక్కడ నేల గట్టిది" అంది.

మస్తాన్‌వలి అక్కడికి వెళ్ళి గునపంతో పొడిచి చూసి తల ఊపాడు. ఇద్దరు ముగ్గురు వెళ్ళి రాళ్ళు దొర్లించడం మొదలుపెట్టారు. పొద్దు వాలేదాకా ఆమె అక్కడే నిలబడి, దూలాల మధ్య సందు ఎంత ఉండాలో, తాడు ఎక్కడ బిగించాలో చెబుతూనే ఉంది. కాగితం తీయలేదు. కలం తీయలేదు.

బస్సు వేళైంది. అందరికంటే ముందు ఆమెనే నడిచి చూడమన్నారు. ఆమె దూలాల మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. కింద నీళ్ళు పారుతున్నాయి. దూలాలు కదలలేదు. అవతలి కొసకు వచ్చాక వెనక్కి తిరిగి, "సర్పంచిగారూ, ఎవరైనా అడిగితే నేనసలు ఇక్కడికి రాలేదు" అంది.

గట్టుమీద గోనెపట్టా మడుచుకుంటున్న ఆదెమ్మ తలెత్తి చూసింది.

"రాకపోతే రాకపోయావుగానీ, ఆ కొసన బురదగా ఉంది. నా చెయ్యి పట్టుకుని దిగమ్మా."